సముద్రం చేరని నది వెంట ఏడు రోజులు

మొదటి రోజు: చాండ్లర్

కృష్ణా డెల్టా కాలువల మీద ముప్పై మూడేళ్లు ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. అమెరికాలో ఏం చూస్తావు నాన్నా అని మా అమ్మాయి అడిగినప్పుడు, కొలరాడో నదిని హూవర్ ఆనకట్ట నుంచి ఆఖరు దాకా చూపించమన్నాను. ఆ నది చాలా ఏళ్లుగా సముద్రాన్ని చేరడం లేదని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే చదివాను. అది ఎక్కడ, ఎవరి చేతుల్లో అయిపోతున్నదో దగ్గరగా చూడాలన్న కోరిక అప్పటి నుంచీ ఉంది. 2024 ఫిబ్రవరిలో మా అల్లుడు వారం రోజులు సెలవు పెట్టడంతో ఆ కోరిక తీరింది.

అమ్మాయి వాళ్ల ఇల్లు ఫీనిక్స్‌ను ఆనుకుని ఉన్న చాండ్లర్‌లో ఉంది. ఆ వీధుల్లో తెలుగు మాట తరచుగానే వినిపిస్తుంది. ఏడాది మొత్తం మీద అక్కడ కురిసేది ఏడెనిమిది అంగుళాల వాన, అంటే అనంతపురంలో కురిసే దానిలో ఇంచుమించు మూడో వంతు. అటువంటి ఎడారిలో ఉదయం నడకకు వెళ్లిన నాకు మొదట కనిపించింది మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తాకి చూడాలనిపించేంత పచ్చటి పచ్చిక. చలికాలంలో బెర్ముడా గడ్డి ఎండి గోధుమ రంగుకు తిరుగుతుంది కనుక అక్టోబరులో దాని మీద రై గడ్డి విత్తనం చల్లి, వేసవి మొదలయ్యే దాకా తడుపుతారని అల్లుడు చెప్పాడు. ఆ గడ్డిని పశువు మేయదు, పిల్లలు కూడా దాని మీద అరుదుగానే ఆడుతారు. చాలా ఇళ్ల వెనుక ఈత కొలనులున్నాయి. ఆ ఎండకు ఒక్కొక్క కొలను నుంచి ఏడాదికి ఆరడుగుల మందం నీరు ఆవిరైపోతుంది.

అమెరికాలో ఒక మనిషి ఇంట్లో వాడే నీరు సగటున రోజుకు 300 లీటర్లకు పైనే. మన నగరాలకు ప్రణాళిక వేసేటప్పుడు మనిషికి 135 లీటర్లని, పల్లెలకు 55 లీటర్లని లెక్క కట్టేవాళ్లం. ఆ రాత్రి భోజనాల తరువాత మిగిలిన అన్నం, కూర సింకులోని మరలో పడి నలిగి కొట్టుకుపోవడం చూసి మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ దేశంలో ఆహారంలో 30 నుంచి 40 శాతం ఎవరూ తినకుండానే వృథా అవుతుందని వాళ్ల వ్యవసాయ శాఖే చెబుతుంది. మా పిల్లలు మంచివాళ్లు, కష్టజీవులు. ఆ ఇంటి అమరికే వాళ్ల చేత అలా చేయిస్తున్నదని నాకు అనిపించింది.

పడుకునే ముందు నోటు పుస్తకంలో, పాత అలవాటు కొద్దీ, నీటి లెక్కల పట్టిక గీసుకున్నాను. నదిలోకి వచ్చినది, నగరాలకు పోయినది, సేద్యానికి పోయినది, ఆవిరైనది, చివరి గడి "సముద్రంలోకి వృథా". మా కార్యాలయంలో అన్నేళ్లూ అదే శీర్షిక రాశాం.

రెండో రోజు: ఫీనిక్స్

సెంట్రల్ అరిజోనా కాలువను ఫీనిక్స్ ఉత్తరపు అంచున చూశాం. కొలరాడో నదిపై ఉన్న హవాసు జలాశయం నుంచి టుసాన్ దాకా 336 మైళ్లు సాగే ఈ కాలువ పని 1973లో మొదలై 1993లో పూర్తయింది. దారిలో నీటిని మొత్తం 2,900 అడుగుల ఎత్తుకు తోడవలసి ఉంటుంది. మొదటి పంపుహౌసులోనే 800 అడుగులకు పైగా ఎత్తుతారు. హంద్రీనీవా ఎత్తిపోతలను చూసినవాడికి ఆ ఎత్తు అంటే ఏమిటో తెలుస్తుంది. అరిజోనాలో అందరికంటే ఎక్కువ కరెంటు వాడేది ఈ కాలువే. 2019లో మూసివేసే దాకా ఆ కరెంటులో అధిక భాగం నవాహో తెగ భూముల్లోని బొగ్గు విద్యుత్ కేంద్రం నుంచి వచ్చేది. చాండ్లర్‌లో నేను తాకి చూసిన పచ్చిక వెనుక ఒక నదితో పాటు కాలిన బొగ్గు కూడా ఉందన్నమాట.

కాలువ గట్టు దిగగానే గోల్ఫ్ మైదానం కనిపించింది. రాష్ట్రంలో అటువంటివి 300కు పైగా ఉన్నాయి. అవి తాగేది రాష్ట్రం వాడే మొత్తం నీటిలో రెండు శాతం మాత్రమేనని, వాటిలో కొన్నింటికి శుద్ధి చేసిన మురుగునీరు ఇస్తారని న్యాయంగా చెప్పాలి. కంటికి ముందుగా కనిపించే విలాసమే అన్నిటికంటే పెద్ద ఖర్చు కాదని ఆ తరువాతి రోజుల్లో నాకు బాగా అర్థమైంది.

ఇదే లోయలో వెయ్యేళ్ల కిందట హోహోకామ్ ప్రజలు వందల మైళ్ల కాలువలు తవ్వి పంటలు పండించారు. పదిహేనో శతాబ్దం నాటికి ఆ ఊళ్లు ఖాళీ అయిపోయాయి. ఇప్పటి నగరపు కాలువల్లో కొన్ని వాళ్ల కాలువల జాడలోనే ఉన్నాయి. 2023 జూన్‌లో ఫీనిక్స్ ప్రాంతంలో కేవలం భూగర్భ జలాన్ని నమ్ముకుని కొత్త కాలనీలు కట్టడానికి ఇక అనుమతి ఇవ్వబోమని రాష్ట్రం ప్రకటించింది. ఆ తరువాతి నెలలో అక్కడ వరుసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 43 డిగ్రీల సెల్సియస్, తగ్గని ఎండ కాసింది.

మూడో రోజు: హూవర్ ఆనకట్ట

ఐదు గంటల ప్రయాణం తరువాత, నల్లటి రాతి కొండల నడుమ 726 అడుగుల ఎత్తున నిలిచిన ఆనకట్టను చూసి చేతులు జోడించాను. 1935లో జాతికి అంకితం చేసిన కట్టడం అది. మా తరం ఇంజనీర్లకు నాగార్జునసాగర్ తల్లి అయితే హూవర్ పెద్దమ్మ వంటిది. కానీ గట్టు మీద నుంచి ఎగువకు చూపు తిప్పితే ఆ భక్తి నిలవలేదు. ఆనకట్ట వెనుక జలాశయమైన లేక్ మీడ్ చుట్టూ కొండలకు సున్నం పూసినట్టు తెల్లటి పట్టీ ఉంది. నీరు దిగిపోయినప్పుడు రాతికి అంటుకుని మిగిలిన ఖనిజాల పొర అది. పూర్తి మట్టం 1,229 అడుగులు. మేము చూసిన నాడు 1,075 అడుగుల దగ్గర ఉంది. 2022 జూలైలో 1,040 దాకా పడిపోయింది. 950కి దిగితే కరెంటు పుట్టదు, 895కు దిగితే ఆనకట్ట నుంచి దిగువకు చుక్క నీరు వదలలేరు. శ్రీశైలంలో 854 అడుగుల మట్టం గురించి రెండు రాష్ట్రాలు వాదించుకోవడం చూసిన మనకు ఈ అంకెల వెనుక ఉన్న ఆందోళన వేరే చెప్పనక్కరలేదు.

నిండినప్పుడు ఈ జలాశయంలో నిలిచేది సుమారు 26 మిలియన్ ఎకరా-అడుగులు, మన లెక్కలో 1,130 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). నాగార్జునసాగర్ ఇప్పటి నిల్వ 312 టీఎంసీలు. ఉత్తరపు కొసన, 1938లో మునిగిపోయిన సెయింట్ థామస్ అనే ఊరి పునాదులు నీరు తగ్గడంతో బయటపడి ఇప్పుడు చూపరుల కోసం నిలిచి ఉన్నాయి. శ్రీశైలం నీరు దిగిన ప్రతిసారీ సంగమేశ్వరాలయం పైకి తేలుతుంది, మళ్లీ వరద రాగానే మునుగుతుంది. సెయింట్ థామస్‌ను మళ్లీ ముంచే వరద మాత్రం ఇరవై ఏళ్లకు పైగా రాలేదు.

ఇంతటి జలాశయం ఎలా తరిగిందన్న ప్రశ్నకు జవాబు 1922లోనే ఉంది. ఆ నవంబరులో ఏడు రాష్ట్రాలు కూర్చుని, ఎగువకు 327, దిగువకు 327 టీఎంసీల చొప్పున నదిని పంచుకున్నాయి. 1944లో మెక్సికోకు మరో 65 టీఎంసీలు ఇస్తామని ఒప్పందం చేసుకున్నారు. పంపకానికి ఆధారంగా తీసుకున్నవి అనుకోకుండా వానలు ఎక్కువ పడిన కొద్ది సంవత్సరాలు. నది ఒడ్డున వేల ఏళ్లుగా బతుకుతున్న తెగలను ఆ సమావేశానికి పిలవనే లేదు. కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచిన మన బచావత్ ట్రిబ్యునల్ ఆ నదికి 78 ఏళ్ల ప్రవాహాలను లెక్కలోకి తీసుకుని, నూటికి డెబ్బై అయిదేళ్లు నమ్మకంగా దొరికేది 2,060 టీఎంసీలని తేల్చింది. ఇక్కడ అందరికీ పంచిన వాటాల మొత్తం సుమారు 719 కాగా, 2000 సంవత్సరం నుంచి నదిలో సహజంగా వస్తున్నది సగటున 540 టీఎంసీల దగ్గర ఉంది. ఈ తగ్గుదలలో మూడో వంతు నుంచి సగం వరకు భూమి వేడెక్కడం వల్లనే అని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఎగువ రాష్ట్రాలు తమ వాటాను పూర్తిగా వాడుకోకపోయినా ఖర్చు రాబడిని మించిపోయింది. తాతలు కూడబెట్టిన గాదె నుంచి ఏటా కొంత తీసుకుని తిన్నట్టు లేక్ మీడ్‌నూ, దాని ఎగువన ఉన్న లేక్ పావెల్ జలాశయాన్నీ తోడుకుంటూ వచ్చారు.

నాలుగో రోజు: లాస్ వేగాస్

ఈ నగరం గురించి ఎక్కువ రాయను. రాత్రి దీపాలు, ఎగసే నీటి ధారలు, తినేవాళ్ల కంటే ఎక్కువ వండి పరిచిన బఫే బల్లలు చూశాను. అయినా నీటి విషయంలో ఈ ఊరిని నిందించడం అన్యాయం. ఈ ఊరున్న నెవాడా రాష్ట్రం వాటా 13 టీఎంసీలే. ఇళ్లలో, హోటళ్లలో తూములోకి పోయిన నీటిని దాదాపు అంతా శుద్ధి చేసి తిరిగి లేక్ మీడ్‌లోకి పంపిస్తారు. పచ్చిక పీకేసిన వాళ్లకు చదరపు అడుగుకు ఇంత అని డబ్బు ఇస్తారు. అలంకారానికి మాత్రమే ఉన్న గడ్డిని 2026 ముగిసేలోగా తొలగించాలని 2021లో చట్టమే చేశారు. 2002 తరువాత జనాభా ఏడున్నర లక్షలకు పైగా పెరిగినా నది నుంచి వాడుకునే నీరు తగ్గింది. ప్రాణం మీదకు వచ్చినప్పుడు ధనిక సమాజం కూడా అలవాటు మార్చుకోగలదని ఇక్కడ రుజువు కనిపించింది. మరి మిగిలిన నీరంతా ఎటు పోతున్నదని అల్లుడు అడిగాడు. రేపు, ఎల్లుండి చూస్తాం బాబూ అన్నాను.

ఐదో రోజు: నది వెంట దక్షిణానికి

రోజంతా ప్రయాణంలోనే గడిచింది. పార్కర్ ఆనకట్ట దగ్గర ఆగాం. దాని వెనుక నిలిచిన నీటిని ఒక ఒడ్డు నుంచి అరిజోనా తోడుకుంటుంది, ఎదుటి ఒడ్డు నుంచి 242 మైళ్ల కాలువ ద్వారా లాస్ ఏంజెలిస్ వైపు తీసుకుపోతారు. బ్లైత్ అనే ఊరు దాటిన తరువాత పొలాలు మొదలయ్యాయి. పొలాల్లో చాలా వరకు ఒకటే పంట.

ఆరో రోజు: ఇంపీరియల్ లోయ

ఆ పంట అల్ఫాల్ఫా. మన పశువైద్యులు లూసర్న్ గడ్డి అంటారు. ఏడాదికి మూడు అంగుళాల వాన కూడా సరిగా పడని ఇంపీరియల్ లోయలో, ఐదు లక్షల ఎకరాల ఆయకట్టు అంతా కొలరాడో నీటి మీదనే ఆధారపడింది. అక్కడి నీటిపారుదల సంస్థకు ఏటా 135 టీఎంసీల హక్కు ఉంది. నది మొత్తం మీద ఇంత వాటా ఉన్న వినియోగదారు మరొకరు లేరు. మా కృష్ణా డెల్టాకు బచావత్ కేటాయించినది 181 టీఎంసీలు, దానితో తడవాల్సినది 13 లక్షల ఎకరాలు. గట్టు మీద నిలబడి ఈ రెండు అంకెలను నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకున్నప్పుడు, వంతులవారీగా నీరు వదిలిన సంవత్సరాల్లో చివరి భూముల రైతులు మా కార్యాలయం ముందు కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి.

కాలువ తూముల దగ్గర ఒక ఉద్యోగిని కలిశాం. రైతు అడిగినంత నీటిని కొలిచి వదిలే ఈ ఉద్యోగిని ఆ ప్రాంతంలో స్పానిష్ మాటతో సన్హేరో అంటారు. మన లస్కరు పనే అది. నేను కృష్ణా కాలువల మనిషినని అల్లుడు చెప్పగానే ఆయన ముఖం విప్పారింది. గేటు తిప్పే చక్రం మీద చెయ్యి వేసి చూడమన్నాడు. లూసర్న్‌ను ఏడాది పొడవునా కోస్తూనే ఉంటారని, ఎకరాకు ఆరడుగుల లోతు నీరు పడుతుందని చెప్పాడు. ఒక టీఎంసీతో మన దగ్గర ఆరు వేల ఎకరాల వరి పండుతుందని లెక్క వేసేవాళ్లం. ఆ నీటితో ఇక్కడ లూసర్న్ నాలుగు వేల ఎకరాలు కూడా పారదు.

ఈ గడ్డి ఆవులకు, దూడలకు పోతుంది. అక్కడి నుంచి పాలుగా, జున్నుగా, ఐస్‌క్రీముగా, మాంసంగా మారి దుకాణాల్లోకి చేరుతుంది. కొంత గడ్డి కట్టలుగా ఓడలెక్కి ఆసియా దేశాలకు పోతుంది. తమ దేశంలో పశుగ్రాసం సాగుకు నీరు చాలక ఆపేసిన సౌదీ అరేబియా కోసం ఒక పాడి సంస్థ అరిజోనా ప్రభుత్వ భూముల్లో భూగర్భ జలంతో లూసర్న్ పండించగా, 2023 అక్టోబరులో రాష్ట్ర గవర్నరు ఆ కౌళ్లలో ఒకదాన్ని రద్దు చేసి, మరికొన్నింటిని పొడిగించబోమన్నారు. నేను తిరిగి వచ్చాక, మార్చిలో వెలువడిన ఒక అధ్యయనం నా అనుమానానికి అంకె ఇచ్చింది. కొలరాడో నుంచి మనుషులు నేరుగా వాడుకునే నీటిలో 74 శాతం సేద్యానికి పోతుంది. లూసర్న్, ఇతర పశుగ్రాసాలకే 46 శాతం పోతుంది. నగరాలన్నీ కలిసి వాడేది సేద్యానికి పోయేదానిలో సగం కూడా కాదు.

ఇది ఎవరి తిండి మీదా, ఎవరి నమ్మకం మీదా తీర్పు చెప్పడానికి రాస్తున్న మాట కాదు. నాకున్న ఫిర్యాదు పరిమాణం గురించి. అక్కడ మనిషికి ఏడాదికి 26 కిలోల దాకా గొడ్డుమాంసమే లెక్కకు వస్తుంది. ప్రపంచ సగటున కిలోకు, వాననీటితో కలిపి, 15,000 లీటర్లకు పైగా నీరు ఖర్చవుతుంది. మాంసం ముట్టని మా అమ్మాయి ఇంట్లో కూడా ఫ్రిజ్ తలుపులో గాలన్ పాల డబ్బాలు రెండు, మూడు రకాల జున్ను, గడువు తీరి పారబోసిన పెరుగు ఉన్నాయి. ఆ పెరుగు కూడా ఈ గేట్ల గుండా పారిన నీటితోనే తయారైంది. రైతును తప్పు పట్టలేను. కొనేవాడు ఉన్నంత కాలం రైతు పండిస్తాడు, ఆ పంటతోనే అక్కడ కూలీల ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది.

మధ్యాహ్నం సాల్టన్ సముద్రం చేరాం. 1905లో కాలువ గండి పడి, రెండేళ్ల పాటు నది మొత్తం ఈ పల్లంలోకి పారి ఏర్పడిన సరస్సు ఇది. ఆ తరువాత శతాబ్దం పైగా పొలాల మురుగు కాలువలే దీనికి ఆధారం. ఎరువులు, ఉప్పు, పురుగుమందుల అవశేషాలు వచ్చి చేరుతాయి, బయటికి పోయే దారి లేదు. ఇప్పుడు నీరు మహాసముద్రం కంటే రెట్టింపు ఉప్పగా ఉంది. ఒడ్డున బాంబే బీచ్ అనే ఊరు ఉంది. సముద్ర మట్టానికి రెండు వందల అడుగులకు పైగా దిగువన ఉన్న ఆ ఊరి తీరంలో ఇసుక అనుకుని అడుగు వేస్తే కాలి కింద చేప ఎముకలు కరకరలాడాయి. పొలాల నీటిలో కొంత శాన్ డియాగో నగరానికి బదిలీ అయిన తరువాత సరస్సు ఇంకా కుంచించుకుపోతున్నది. తేలిన అడుగు మట్టి గాలికి లేచి చుట్టుపక్కల ఊళ్ల పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతున్నది. అక్కడ పిల్లల్లో ఉబ్బసం బాగా ఎక్కువ. ఆ పిల్లల్లో చాలామంది పొలం కూలీల బిడ్డలు. కొల్లేరులో గూడబాతులను చూసి పెరిగిన నేను పక్షుల కోసం చాలాసేపు వెతికాను. దూరంగా కొన్ని తెల్లగా కదిలాయి. ఒకప్పుడు ఇవి లక్షల్లో దిగేవని విన్నాను.

ఏడో రోజు: యూమా, ఆపై సరిహద్దు

ఇంపీరియల్ లోయలోని ఎల్ సెంట్రో ఊరి నుంచి అరిజోనాలోని యూమాకు వెళ్లే దారి పొడవునా ఇసుక తిన్నెలు, వాటి మధ్య నిండుగా ఆల్ అమెరికన్ కాలువ. 80 మైళ్ల ఆ కాలువలో 23 మైళ్ల మేర ఈ శతాబ్దంలో సిమెంటు లైనింగ్ చేసి, ఏటా దాదాపు మూడు టీఎంసీల ఊటను ఆపారు. ఉద్యోగంలో ఉండగా లైనింగ్ పనుల అంచనాలు నేనూ ఎన్నో తయారు చేశాను. ఊట అంటే నష్టమని మాకు నేర్పారు. ఇక్కడ ఆ ఊట సరిహద్దు అవతల మెక్సికాలీ రైతుల బావుల్లోకి చేరేది. లైనింగ్ తరువాత ఆ బావులు తగ్గిపోయాయి. మేము నష్టమని రాసుకున్న ఊటతో కృష్ణా కాలువల పక్కన ఎన్ని నూతులు నిండేవో నేను ఏనాడూ లెక్క వేయలేదు.

యూమా పొలాల్లో లెట్యూస్ కోత జరుగుతున్నది. చలికాలంలో అమెరికా తినే ఆకుకూరల్లో అత్యధిక భాగం యూమా, ఇంపీరియల్ లోయల నుంచే పోతుంది. మంచు కురిసే ఊళ్లలో జనవరిలో కూడా పచ్చటి సలాడ్ కావాలంటే ఎడారిలో నది పారాలి. కోసిన ఆకుల్లో పై పొరలు చాళ్లలోనే పడి ఉన్నాయి, దుకాణంలో మిగిలినవి ఆ తరువాత పెంటకుప్పకు పోతాయి.

మధ్యాహ్నం సరిహద్దు దాటి సాన్ లూయిస్ రియో కొలరాడో అనే మెక్సికో ఊరికి వెళ్లాం. ఊరి పేరులోనే నది ఉంది. దానికి కొంచెం ఎగువన, 1950లో పూర్తయిన మోరెలోస్ ఆనకట్ట మెక్సికో వాటాగా మిగిలిన నీటిని పూర్తిగా కాలువలోకి మళ్లిస్తుంది. ఊరి అంచున పొడవాటి వంతెన ఉంది. దాని కింద ఒక గట్టు నుంచి మరో గట్టు దాకా ఇసుకే. ఇద్దరు కుర్రవాళ్లు నది మధ్యలో మోటారు బండి నడుపుతున్నారు. పక్కన టైర్ల ముద్రలు, ఎండిన తుమ్మ వంటి పొదలు. ప్రకాశం బ్యారేజీ దిగువన వేసవిలో కృష్ణ కూడా ఇసుకే, కానీ ఆ ఇసుకకు వానాకాలం మీద ఆశ ఉంటుంది.

ఒకప్పుడు ఇక్కడి నుంచి సముద్రం దాకా ఇరవై లక్షల ఎకరాల డెల్టా ఉండేది. మడుగులు, విల్లో చెట్లు, చేపలు పట్టి బతికిన కుకపా తెగ వాళ్ల ఊళ్లు ఉండేవి. 2014 మార్చి 23న రెండు దేశాలూ ఒప్పుకుని నాలుగున్నర టీఎంసీల నీటిని ఎనిమిది వారాల పాటు నదిలోకి వదిలాయి. ఆ నీరు ఈ వంతెన కిందికి చేరిన రోజున ఊరంతా ఇసుకలోకి దిగి పండుగ చేసుకుందట. నదిని మొదటిసారి చూసిన పిల్లలు అందులో కేరింతలు కొట్టారు. మే నెల మధ్యలో ఆ ప్రవాహం సముద్రపు ఆటుపోటును తాకింది. ఆ తరువాత నది మళ్లీ ఎండినా, అప్పుడూ ఆ తరువాత కొద్దికొద్దిగా వదిలిన నీటితో కొన్ని తావుల్లో నాటిన చెట్లు బతికి అడవిగా పెరిగాయి.

వంతెన దిగి ఇసుకలో కొంత దూరం నడిచాం. సముద్రం ఇంకా ఎంత దూరం మామయ్యగారూ అని అల్లుడు అడిగాడు. నది దారిలో వంద కిలోమీటర్లకు పైనే ఉంటుందన్నాను. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ చెట్ల వేళ్ల మధ్య తెల్లని నురగ, తేలికగా మట్టి వాసన ఉండేవి. మేము ప్రతి వరదకూ ఇన్ని వందల టీఎంసీలు సముద్రం పాలయ్యాయని పత్రికలకు అంకెలు ఇచ్చేవాళ్లం. ఆ మడ చెట్లు, ఆ చేపలు, నాగాయలంక వైపు పొలాల్లోకి ఉప్పునీరు ఎక్కకుండా ఎదురొడ్డిన ఆ వరద ఏ గడిలోనూ ఉండేవి కావు. చాండ్లర్‌లో గీసిన పట్టికను అక్కడే తీశాను. చివరి గడిలో సున్నా రాసి, పైన శీర్షికలో "వృథా" అన్న మాట కొట్టేశాను.

తిరుగు దారిలో సరిహద్దు దగ్గర కార్ల బారు రెండు గంటలు కదలలేదు. మా ముందున్న కారు వెనుక సీటులో ఒక పాప నీళ్ల సీసా మూతి కిందికి వంచి, కిటికీ బయట పడే ధారను చూస్తూ కూర్చుంది. వాళ్లమ్మ వెనక్కి తిరిగి ఆ సీసా అందుకుని మూత బిగించింది.